ఆకాశవాణి నాదమునకు కర్త యెవరు?

రేడియోలో ప్రాతఃకాలమున తంబురా శ్రుతిపై వయొలిన్ పలుకు ఆ చిన్న స్వరరచన మూడు తరములవారికి సుపరిచితము. కాని దానిని కూర్చినవాని పేరు ఎందరికి తెలియును? "ఆకాశవాణి" యను పేరు 1935 లో మైసూరున ఆచార్య గోపాలస్వామిగారు నెలకొల్పిన కేంద్రమునుండి వచ్చినది. నాదము మాత్రము వాల్టర్ కౌఫ్‌మన్ అను యూదునిది.

ఈయన 1907 లో బొహీమియాలోని కార్ల్స్‌బాడ్ నగరమున జన్మించెను. నాజీల యూదద్వేషము పెచ్చు పెరుగగా 1934 లో బొంబాయి చేరి, పండ్రెండేండ్లు మన దేశమున నివసించెను. అచటి రేడియో కేంద్రమున పాశ్చాత్య సంగీతశాఖను నిర్వహించెను. చలనచిత్రములకును సంగీతము కూర్చెను. మన సంగీతము మొదట ఆయన చెవికి వింతగా తోచెను. లోపము సంగీతమునది కాదు, తనదే యని తలచి, పట్టుదలతో అభ్యసించెను. తుదకు 1976 లో దక్షిణదేశ రాగములపై గ్రంథమునే వెలువరించెను. 1984 లో అమెరికాలో కన్నుమూసెను.

కన్నడసీమలో తెలుగు చదువుకొను మనకు ఇందొక పాఠము కలదు. పొరుగువారి పాట వింతగా తోచినంతమాత్రమున చెవులు మూసికొనరాదు; నేర్చుకొనవలెను. నేర్చినందున మన భాష తరుగదు. అట్లే, పాట నిలిచి పాట కట్టినవాని పేరు మాసిపోవుట న్యాయము కాదు. విద్యార్థులారా! మీరు మెచ్చిన ప్రతి పాటకును కర్త యెవరో అడిగి తెలిసికొనుడు.