లక్షింపేట ఎన్నో పేజీలో ఉంది?

జూన్ 12 రాత్రి ఇక్కడే లక్షింపేట మీద ఒక పెద్ద పోస్టు పెట్టాను. మీలో చాలామంది చదివారు, షేర్ చేశారు. మర్నాడు పొద్దున్నే మా బి.ఏ. అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. "ఏటి సార్, ఎంత ఎతికినా మీది రాలేదు. ఏవేవో వేరే లక్ష్మీపేటలు వస్తన్నాయి. ఒక దగ్గర పిన్‌కోడ్ కూడా ఇచ్చాడు." నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక నవ్వు పోయింది.

కొత్తగా చేరిన మిత్రుల కోసం రెండు ముక్కలు. 2012 జూన్ 12. అప్పటి శ్రీకాకుళం జిల్లా, వంగర మండలం. మడ్డువలస రిజర్వాయర్ కోసం సేకరించిన భూమిలో దళితులు చేసుకుంటున్న సాగు మీద తగాదా. ఊళ్లోని తూర్పు కాపు కులానికి చెందినవాళ్ల దాడిలో ఐదుగురు దళితులు చనిపోయారు. ఆ రోజే రాష్ట్రంలో 18 అసెంబ్లీ స్థానాలకు, నెల్లూరు లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నికల పోలింగ్. పక్కనే నరసన్నపేటలో కూడా. టీవీలవాళ్లకి ఆ రోజు ఏం పనో చెప్పక్కర్లేదు. గజపతినగరం నుంచి ఆ ఊరు పెద్ద దూరం కాదు. అయినా నా క్లాసులో ఆ పేరు విన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో.

మరి రాసిన మర్నాడే ఎందుకు దొరకదు? సెర్చ్ ఇంజిన్ చేసే పని మూడు మెట్లు. దాని క్రాలర్ మన పేజీ దాకా రావాలి, చదివి తన సూచికలో ఎక్కించుకోవాలి, ఆ తర్వాతే ఎవరైనా అడిగినప్పుడు ఎన్నో వరసలో చూపాలో తేల్చుకుంటుంది. పెద్ద వార్తా సైట్ల దగ్గరికి క్రాలర్ నిమిషాల్లో తిరిగొస్తుంది. చిన్న సైటుకైతే కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పట్టొచ్చని గూగులే చెబుతుంది. 2010లో కెఫీన్ అనే కొత్త సూచిక పెట్టి ఫలితాలు 50 శాతం తాజాగా ఉంటాయన్నారు. 2011 నవంబరులో తాజాదనానికి ఇంకాస్త బరువిచ్చి, సుమారు 35 శాతం వెతుకులాటల మీద ఆ ప్రభావం ఉంటుందన్నారు. వేగం నిజమే. ఎవరి కోసం అనేదే నా పేచీ.

ఏ విషయానికి తాజా ఫలితాలు కావాలో యంత్రం ఎలా కనిపెడుతుంది? ఒక పేరు మీద ఉన్నట్టుండి వార్తలు పెరిగితే, ఆ పేరు వెతికేవాళ్లు పెరిగితే, అది వేడి మీదున్న విషయమని లెక్క. అంటే ఇప్పటికే జనం గుమిగూడిన చోటే ఇంకో దీపం పెడుతుంది. 2016 ఆగస్టులో రియోలో సింధు రజతం గెలిచినప్పుడు మన రెండు రాష్ట్రాల తెలుగువాళ్లు గూగుల్‌ని ఏమడిగారో మర్చిపోయారా? ఆ అమ్మాయి కులం! ఎగబడి వెతికారు. అలా వెతుకుతున్నారని వార్తలొచ్చాయి, ఆ వార్తలు చూసి మరికొందరు వెతికారు. ఆ ప్రశ్నకి తాజాదనం లోటు రాలేదు. ఐదు శవాల ఊరికి ఆ యోగం ఏడాదికొక్క రోజు కూడా పట్టదు.

పోనీ తాజాదనం దక్కితే మేలేనా? 2024 మే మొదటి వారం గుర్తు చేసుకోండి. రోహిత్ వేముల దళితుడు కాదంటూ తెలంగాణ పోలీసులు కేసు మూసివేత నివేదిక ఇచ్చారు. గగ్గోలు లేచాక, మళ్లీ దర్యాప్తు చేస్తామని డీజీపీ ప్రకటించారు. మొదటి వార్త ఫోన్లలోకి ఎంత పరుగున వచ్చిందో, రెండోది అంత పరుగున వచ్చిందా? మా స్టాఫ్ రూములో మొదటిది మాత్రమే చదివినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నాతో వాదిస్తారు కూడా. మొదటి రోజు పోలీసు మాటే అన్నిటికన్నా తాజా మాట. మన మాట ఎప్పుడూ మూడోరోజు, నిజనిర్ధారణ కమిటీ వెళ్లొచ్చాక.

ఇది ఎవరో కూర్చుని పన్నిన కుట్ర అని నేననను. అలా అనేసి ఊరుకోవడం సులువు. మన తప్పు కూడా చూడాలి. జాషువా 1941లో గబ్బిలం చేత శివుడికి కబురు పంపించాడు, గుడిలోకి తనకి లేని దారి దానికి ఉంది కాబట్టి. నాకు ఈ క్రాలర్ గబ్బిలంలాగే అనిపిస్తుంది. కాకపోతే ఆయన గుడిసెలోకి గబ్బిలం రాగలిగింది. మనం? లాగిన్ తలుపు వేసి లోపల కూర్చుని రాస్తున్నాం. ఫేస్‌బుక్‌లో రాసిందాంట్లో ఎక్కువ భాగం బయటి సెర్చ్‌కి అందదు. ఎన్నో ఏళ్లుగా నేను రాసిందంతా ఇక్కడే ఉంది. పీహెచ్‌డీ చేసినవాడిని, తాళపత్రాలు చెదలు పట్టిపోయాయని సెమినార్లలో బాధపడేవాడిని, నా రాతలు ఎక్కడ దాచుకోవాలో నాకే తెలియలేదు.

ఇంకో చిక్కు, పేర్లది. పేపర్లో లక్షింపేట, కొందరి రాతలో లక్ష్మీపేట, ఇంగ్లీషులో ఎవరికి తోచిన స్పెల్లింగు వాళ్లది. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చారు, వంగర ఇప్పుడు విజయనగరంలో ఉంది. పాత వార్తలన్నీ శ్రీకాకుళం అంటాయి. విజయనగరం జిల్లా అని కొట్టి వెతికే పిల్లకి ఆ వార్తలు ఎలా తగులుతాయి? అంతకు ముందు తరం మరీ అన్యాయం: యూనికోడ్ రాకముందు తెలుగు పత్రికలు సొంత ఫాంట్లలో పెట్టిన పేజీలు యంత్రానికి తెలుగుగానే కనబడవు.

ఒక మిత్రుడు "డబ్బులిస్తే ఇరవై నాలుగ్గంటల్లో మొదటి పేజీలోకి తెచ్చేవాళ్లున్నారు" అన్నాడు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే చెబుతుంటే వీళ్లెవరండీ! నాకు ఒక్క రోజు మొదటి పేజీ అక్కర్లేదు. పదేళ్ల తర్వాత ఎవరో అడిగినప్పుడు దొరికితే చాలు.

అందుకే ఆ వ్యాసాన్ని తీసి, తలుపుల్లేని ఒక మామూలు బ్లాగులో పెట్టాను. శీర్షికలోనే ఊరు, మండలం, తేదీ. లోపల రెండు జిల్లాల పేర్లూ. ఈ పోస్టుల్లో పాతవి కూడా ఒక్కొక్కటే తరలిస్తున్నాను. మీరూ మీ ఊళ్ల సంగతులు అలా పెట్టండి, ఒకరి పేజీకి ఒకరు లింకులివ్వండి. క్రాలర్‌కి దారి అదే.

పదకొండో రోజు ఆ అమ్మాయే మళ్లీ ఫోన్ చేసింది. "వచ్చింది సార్. మూడో పేజీలో ఉంది. కానీ సార్, మీరు లక్ష్మీపేట అని రాసీసినారు. మావోళ్లు లక్షింపేటనే కొడతారు."

ఆ రాత్రే సరిచేశాను. క్రాలర్ మళ్లీ ఎప్పుడొస్తుందో చూడాలి.