ఖైరున్నీసాది తీపి కథ అంటే నేనొప్పుకోను

ఈమధ్య మన ఆడవాళ్ల ఫోన్లలో ఒక కథ తెగ తిరుగుతోంది. హైదరాబాదు కోఠీలో ఒక తెల్లదొర మన బేగమ్మను ప్రేమించి పెళ్లాడి ఆమె కోసం మహల్ కట్టించాడట. ఆమె పరదాలో ఉండేది కాబట్టి బంగళా ముందువైపుకి వచ్చి చూడలేదని, ఆ బంగళా నమూనాను బొమ్మరిల్లులాగా ఆమె తోటలో కట్టించి చూపించాడట. వెనకాల సితార్ మోగుతుంటుంది. రెండు నిమిషాల వీడియో, కిందంతా ఎర్ర గుండెలు. మా బంధువుల గ్రూపులో వదినగారు కూడా "ఎంత తీయటి కథో" అని పెట్టారు. వదినగారంటే నాకు గౌరవమే. ఈ మాటకు మాత్రం నేనొప్పుకోను.

ముందే ఒకటి చెప్తాను. ప్రేమ నవలలు చదివే ఆడవాళ్లని చూసి నవ్వేవాళ్ల జట్టులో నన్ను కలపొద్దు. యద్దనపూడి నవలలు చదివి మా అమ్మ తరం చెడిపోతుందని ఎంతమంది అన్నారో! ఎవరూ చెడిపోలేదు. పప్పు పొయ్యి మీద పెట్టి పుస్తకం పట్టుకున్నారు, పప్పు ఒక్కోసారి అడుగంటింది, అంతే. ఇప్పటి పిల్లలు ఇంగ్లీషు నవలలు చదువుతున్నారు. నాలుగు తరాల జార్జి రాజులు ఇంగ్లండుని ఏలిన కాలం. డ్యూకులు, నాట్యాల సాయంత్రాలు, సన్నటి మల్లు గౌన్లు, చాటుగా అందే ఉత్తరాలు, చివరికి పెళ్లి. వీటిల్లో 'స్వీట్' అని ఒక రకం ఉంది, అంటే వ్యవహారం ముద్దు దగ్గర ఆగిపోతుందట. జూలియా క్విన్ 2000లో రాసిన నవలను పట్టుకుని నెట్‌ఫ్లిక్స్ వాళ్లు 2020లో 'బ్రిడ్జర్టన్' తీశారు. నేనూ చూశాను. రెండో సీజన్లో మన దేశం నుంచి వెళ్లిన అక్కచెల్లెళ్లే నాయికలు. ఒకే ఇంట్లో తండ్రిని అరవంలో 'అప్పా' అంటారు, అక్కని బెంగాలీలో 'దీదీ' అంటారు, ఏ ఊరివాళ్లో దేవుడికే ఎరుక! అయినా కల్పన కదా, సరదాగానే ఉంది.

కల్పనతో నాకు పేచీ లేదు. నిజంగా బతికి చచ్చిపోయిన మనిషిని తెచ్చి అదే పాకంలో ముంచితేనే నా పేచీ. బ్రిడ్జర్టన్ మొదటి సీజన్ కథ జరిగేది 1813లో. జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అచ్చయింది కూడా 1813 జనవరిలోనే. ఆ ఏడాది సెప్టెంబరులోనే హైదరాబాదులో ఖైరున్నీసా చనిపోయింది. అప్పటికి ఆమెకు సుమారు 27 ఏళ్లు.

అంటే మొదలైనప్పుడు ఎంత? వాళ్ల కొడుకు పుట్టింది 1801 మార్చిలో. లెక్క మీరే వేసుకోండి. దొర జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ 1764లో పుట్టాడు, ఆ లెక్క కూడా వేసుకోండి. ఆ రోజుల్లో అంతే అంటారు. అవును, ఆ రోజుల్లో అంతే. మరి ఆ ముక్క కూడా వీడియోలో చెప్పండి, మా ఆడపిల్లలు విననీ.

ఆయనకు ప్రేమ లేదని నేననడం లేదు. నిజాం దర్బారులో ఇంగ్లీషు రెసిడెంటుగా ఉండి, మతం మార్చుకుని, నిఖా చేసుకున్నాడు. గవర్నర్ జనరల్ వెల్లెస్లీ విచారణ చేయించాడు, ఉద్యోగం పోయేంత పనయింది. అయినా వదల్లేదు. ఆమె కూడా అంతకుముందు కుదిరిన సంబంధం కాదని ఇతన్నే కోరుకుందని విలియం డాల్‌రింపుల్ 'వైట్ మొఘల్స్'లో రాశాడు. 2002లో వచ్చిన ఆ లావుపాటి పుస్తకంలోంచే ఈ వీడియోల వాళ్లంతా కథ తీసుకున్నారు. తీసుకున్నది సగమే. మహల్ కట్టిన దాకా తీసుకుని మిగతాది వదిలేశారు.

వదిలేసింది ఇది. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండుకి పంపేశారు. పిల్లాడికి నాలుగేళ్లు, పాపకి మూడు. ఓడ ఎక్కే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడి చేత ఇద్దరి బొమ్మా గీయించారు. ఇంగ్లండులో దిగాక బాప్తిస్మం ఇచ్చి పేర్లు మార్చారు. సాహిబ్ బేగం కాస్తా కేథరిన్ అయింది, ముద్దుగా కిట్టీ. తల్లి మళ్లీ వాళ్లను చూడలేదు. మూడేళ్ల పిల్లను జాతరలో ఒక్క నిమిషం వదిలితే మనకు గుండె ఎలా కొట్టుకుంటుందో మీకు చెప్పాలా?

పిల్లలు వెళ్లిన కొద్దివారాలకే, అక్టోబరులో, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. ఆయన విల్లులో ఒక మాటుంది. సొంత పిల్లలనే, ఇంగ్లీషు చట్టంలో పెళ్లికాని సంబంధానికి పుట్టినవాళ్లకు వాడే మాటతో రాశాడు. మన దగ్గర నిఖా, వాళ్ల కాగితంలో ఏమీ కాదు! ఆమెకు జాగీర్లున్నాయి కాబట్టి వేరే ఏర్పాటు అక్కర్లేదని, ప్రేమకు గుర్తుగా కొంత సొమ్ము రాసి, ఆస్తి పిల్లలకు పెట్టాడు. ఇంకొక విచిత్రం. ఈ బేగమ్మకు తన పేరిట జాగీరు ఉండగా, అదే కాలంలో ఇంగ్లండులో పెళ్లయిన ఆడదాని సొమ్ము మొగుడిదే. 1870, 1882 చట్టాలు వచ్చేదాకా అంతే. ఆ డ్యూకులను చూసి మన పిల్లలు ముచ్చట పడేటప్పుడు ఈ ముక్క కూడా ఎవరైనా చెవిన వేయాలి.

ఆమె మొగుడి సమాధి చూడ్డానికి కలకత్తా దాకా వెళ్లింది. అక్కడ ఆయన కింద పనిచేసిన హెన్రీ రస్సెల్ దగ్గరయ్యాడు. ఆ సంగతి పొక్కింది, హైదరాబాదుకు రావద్దని పైవాళ్లు ఆంక్ష పెట్టారు. ఆమెను మన మచిలీపట్నంలో ఉంచి, అతను మద్రాసు వెళ్లి 1808లో ఇంకొక అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. శిక్ష ఆమెకే. అతను తర్వాత హైదరాబాదుకే రెసిడెంటుగా వచ్చాడు, హాయిగా. ఎన్నో ఏళ్లకు కిట్టీ ఇంగ్లండులో ఈ రస్సెల్ ఇంటికి వెళ్లినప్పుడు, గోడ మీద తనూ అన్నా ఉన్న చిన్నరీ బొమ్మ కనబడింది. తల్లి దగ్గర ఉండాల్సిన బొమ్మ అక్కడుంది. అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా బతికే ఉందని తెలిసి ఉత్తరాలు రాసింది. ముసలామె పారసీలో చెప్పి రాయించేది, ఇంగ్లీషులోకి మార్చి పంపేవారు. మనవరాలితో మాట్లాడ్డానికి మధ్యలో దుబాసీ! ఒకరినొకరు చూసుకోకుండానే ఆమె పోయింది.

ఇదెక్కడి తీపి చెప్పండి?

బీఏలో మనుచరిత్ర చదివేటప్పుడు కూడా నాకిదే గుచ్చుకునేది. ప్రవరుడి రూపంలో వచ్చిన గంధర్వుడు వరూధినిని మోసం చేసి తన దారిన పోతాడు. ఆమెకు స్వరోచి పుడతాడు. ఇక కథంతా స్వరోచిదే. వరూధిని ఏమైందని అడిగితే మా మాస్టారు "అది కావ్యానికి అవసరం లేదమ్మా" అన్నారు. పరీక్షకు అక్కర్లేదు, నిజమే.

మా సీమవాళ్లకి ఇంకొక కారణం కూడా ఉంది. 1800 అక్టోబరులో నిజాం మన జిల్లాలను కంపెనీకి ఇచ్చేసిన ఒప్పందం కుదిర్చింది ఈ కిర్క్‌పాట్రిక్కే. అందుకే మనకు దత్తమండలాలని పేరు. మా నంద్యాల అప్పటికి కర్నూలు నవాబు చేతిలో ఉంది గానీ పక్కనున్న కోయిలకుంట్ల అలాగే పోయింది. ఇచ్చినవాడు నిజాం, పుచ్చుకున్నది కంపెనీ, ఇక్కడి రైతును అడిగినవాడు లేడు. ఆ పేరు వద్దు, రాయలసీమ అందామని 1928లో మా నంద్యాల సభలోనే చిలుకూరి నారాయణరావు గారు ప్రతిపాదించారు. పెట్టిన పేరు బాగాలేకపోతే మార్చుకోవచ్చని ఆ సభ చూపించింది కదా, ఈ కథకు పెట్టిన 'తీపి' అనే పేరు మాత్రం ఎందుకు మార్చకూడదు?

"కథని కథలాగా చదువుకోవచ్చుగా, ఎందుకింత రచ్చ" అంటారు. ఎందుకంటే మన ఇళ్లల్లో పిల్లల పెళ్లిళ్లు దూరదేశాలకే కుదురుతున్నాయి. అబ్బాయి మంచివాడు, ప్రేమగా ఉన్నాడు, అంతవరకే మాట్లాడుకుంటాం. పెళ్లి రిజిస్టరు చేయించడం తప్పనిసరని మన రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చినా, "తర్వాత చూద్దాంలే" అని మండపం ఖాళీ చేస్తాం. ఆ దేశంలో ఆమె వీసా ఎవరి మీద ఆధారపడి ఉంటుంది, పుట్టిన పిల్లల పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, రేపు అతనికేమన్నా అయితే ఆమె ఎవరి గుమ్మం తొక్కాలి — ఇవి అడిగిన ఆడదాన్ని "అపశకునం మాటలు" అని నోరు మూయిస్తారు. నన్నూ మూయించారు, మా ఇంట్లోనే ఒక నిశ్చితార్థంలో. ఖైరున్నీసా భర్త మంచివాడే, ప్రేమ ఉన్నవాడే. అయినా అతను పోయాక ఆమెకు పిల్లలూ దక్కలేదు, ఉండడానికి సొంత ఊరూ దక్కలేదు.

ఈ కథను తెలుగులో నవలగా రాసే రచయిత్రి ఎవరైనా ఈ పేజీ చదువుతుంటే, మహల్ దగ్గర మొదలుపెట్టకండమ్మా. మచిలీపట్నంలో మొదలుపెట్టండి. ఉక్కపోతలో, మద్రాసు నుంచి ఉత్తరం వస్తుందేమోనని ఎదురు చూస్తున్న ఇరవై రెండేళ్ల అమ్మాయి దగ్గర. వదినగారికి మొదటి ప్రతి నేనే కొనిస్తాను.