సాంబ మసూరి తర్వాత ఏమిటి?

తెనాలి నుంచి రేపల్లె దాకా ఏ కౌలు రైతునడిగినా, ఏ నాట్ల కూలీనడిగినా బీపీటీ అంటే తెలుసు. ఆ మూడక్షరాలు బాపట్లవని మాత్రం చాలామందికి గుర్తులేదు. బాపట్ల పరిశోధనా కేంద్రంలో డాక్టర్ ఎం.వి. రెడ్డి, ఆయనతో పనిచేసినవారు తీసిన వంగడమే బీపీటీ 5204, సాంబ మసూరి. 1986లో విడుదలయింది.

అది ఊరికే పుట్టలేదు. దాని పుట్టుకలో కోయంబత్తూరు జీఈబీ 24 ఉంది, తైవాన్ పొట్టి రకం ఉంది, మసూరి ఉంది. ఈ మసూరి సంగతి వినండి. 1950 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యాన ఆసియా దేశాల కోసం కటక్‌లో వరి సంకరాలు చేశారు. ఆ విత్తనం మలేషియా వెళ్ళి, అక్కడ రకంగా తేలి, తిరిగి మన చేలకొచ్చింది. ప్రజల డబ్బు పెట్టబట్టి, దేశాలు ఇచ్చిపుచ్చుకోబట్టి మనకు సాంబ దక్కింది.

సాంబకు లోపాలు లేవా? ఉన్నాయి. దాదాపు నూట యాభై రోజుల పంట. కోత తుపాన్ల కాలంలో పడుతుంది, గాలికి పైరు పడిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చేలు నేలకొరిగాయి, పనలు నీళ్ళలో నానాయి. పంట పోయినా కౌలు రైతుకు కౌలు బస్తాలు తప్పవు. కూలీకి కోత పనీ పోయె, గింజలూ పోయె.

ఎండాకు తెగులును తట్టుకునే సాంబను హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధనా సంస్థ కలిసి 2008లో ఇచ్చాయి. అందులో ఒక జన్యువు ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. ఇప్పుడు సాంబ నుంచే జన్యు సవరణతో తీసిన ‘కమల’ను 2025 మేలో ప్రకటించారు. పది, ఇరవై రోజులు ముందే కోతకొస్తుందంటున్నారు. రేపల్లె ఉప్పు నేలల్లో, మురుగు నిలిచే మళ్ళలో అది నిలుస్తుందా లేదా తేల్చవలసింది బాపట్ల వంటి కేంద్రాలే. తేల్చే మనుషులు అక్కడ ఉండాలి గదా!

ఒక వంగడం తీయాలంటే దాదాపు పదేళ్ళ ఓపిక. ఆ విద్య పుస్తకంలో రాదు, పెద్ద శాస్త్రవేత్త వెంట మడిలో దిగి నేర్చుకోవాలి. ఆయన రిటైరయ్యేలోగా పక్కన కుర్రవాణ్ణి పెట్టకపోతే విద్య ఆయనతోనే పోతుంది.

ఈ పని కంపెనీలు చూసుకుంటాయంటారు కొందరు. సాంబ గింజను దాచుకుని మళ్ళీ చల్లుకోవచ్చు. 2001 చట్టం రైతుకు ఆ హక్కిచ్చింది. అలాంటి విత్తనంలో కంపెనీకి లాభమేముంది? దానికి కావలసింది ఏటా కొనక తప్పని హైబ్రిడ్. పోనీ విదేశీ సాయమా? 2025లో అమెరికా తన సహాయ సంస్థ యుఎస్‌ఎయిడ్‌నే మూసేసింది. ఆ డబ్బుతో పేద దేశాల పంటలపై జరుగుతున్న పరిశోధనలు ఎన్నో నడిమధ్యన ఆగిపోయాయి.

కాబట్టి మన డిమాండు సూటిగా ఉండాలి. పరిశోధనా కేంద్రాల్లో ఏ పోస్టూ ఖాళీగా ఉంచరాదు, నిధులు ఏటా తప్పకుండా ఇవ్వాలి. 1945 నుంచి నడుస్తున్న బాపట్ల కళాశాలలో కూలీల, కౌలు రైతుల పిల్లలకు ఈ విద్యను ప్రభుత్వ ఖర్చుతో నేర్పాలి. ఆఫ్రికా యువకులనూ పిలిచి నేర్పాలి. మాలి వరికి మనం బాకీ ఉన్నాం.

పదేళ్ళ తర్వాత చల్లవలసిన విత్తనానికి మొదటి సంకరం ఈ సంవత్సరమే చెయ్యాలి. తుపాను మాత్రం పదేళ్ళు ఆగదు.