అల విరగని చోట

విశాఖపట్నం నుంచి భీమిలి మీదుగా శ్రీకాకుళం వైపు కారులో వెళ్తుంటే కుడిపక్కన సముద్రం తోడు వస్తూనే ఉంటుంది. రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట... ఒక్కో మలుపులో ఒక్కో అందం. వెనక సీట్లోంచి పిల్లలు ‘ఇక్కడ ఆపండి నాన్నా’ అంటూనే ఉంటారు. ఎక్కడో ఓ చోట ఆపుతారు. ఫొటోలు దిగుతారు, మొక్కజొన్న పొత్తులు తింటారు, మళ్లీ కారెక్కుతారు. అలా కాకుండా ఓ పూట ఆగి, ఒడ్డున నిలబడే అలల్లోకి గాలం వేస్తే? పడవ అక్కర్లేదు. పెద్ద ఖర్చూ లేదు. కావాల్సింది ఓపిక. అంతకన్నా ముందు, ఎప్పుడు ఆగాలో ఎక్కడ ఆగాలో తెలియడం.

ముందు పోటు వేళ చూడాలి
కారు బయలుదేరే సమయాన్ని ఇంట్లో గడియారం కాదు, సముద్రం నిర్ణయించాలి. మన తూర్పు తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. ఒకదానికీ మరోదానికీ మధ్య ఆరు గంటల పైచిలుకు తేడా. ఇవాళ సాయంత్రం 5కి పోటు నిండితే, రేపు దాదాపు 5.50కి నిండుతుంది. నీళ్లు పెరుగుతున్నప్పుడు చేపలు మేత కోసం ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. పోటు నిండడానికి రెండు గంటల ముందు నుంచి ఆ తర్వాత గంట దాకా గాలానికి మంచి వేళ. అది తెల్లవారుజామునో, పొద్దువాలే వేళో అయితే ఇంకా మంచిది.

పౌర్ణమి, అమావాస్యల ప్రాంతాల్లో పోటు ఎక్కువ, నీటి లాగుడూ ఎక్కువే. అష్టమి ప్రాంతంలో రెండూ తగ్గుతాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఆ రోజులే నయం. తిథి మీ ఇంటి క్యాలెండర్లోనే ఉంటుంది. పోటుపాట్ల సమయాలు, అలల ఎత్తు మాత్రం హైదరాబాద్‌లోని జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం ‘ఇన్‌కాయిస్’ అందిస్తుంది. ఎత్తైన అలల హెచ్చరిక ఉన్న రోజు మాత్రం గాలం డిక్కీలోనే ఉండాలి.

నీళ్లు తగ్గినప్పుడు చేరుకోవాలి
చాలామంది చేసే పొరపాటు పోటు వేళకే ఒడ్డుకు చేరడం. అప్పుడు అంతా నీళ్లే, ఏమీ తెలియదు. ఒక ఆదివారం సాయంత్రం 5కి పోటు అనుకుందాం. అంటే ఉదయం 11 ప్రాంతంలో నీళ్లు బాగా తగ్గి ఉంటాయి. ఆ వేళకే భీమిలి చేరుకుంటే సముద్రం తన అడుగును తానే చూపిస్తుంది. కాస్త దూరంలో ఇసుక తిన్నె. దానికీ ఒడ్డుకూ మధ్య పొడవాటి గుంట. తిన్నెకు అక్కడక్కడా గండ్లు. పీతలు, చిన్నచేపలు చేరేది ఆ గుంటలోకే, వాటి కోసం పెద్దచేపలు వచ్చేదీ అక్కడికే. దానికి ఎదురుగా ఒడ్డు మీదున్న తాడిచెట్టునో, లాగిపెట్టిన పడవనో గుర్తు పెట్టుకోవాలి. ఆపైన భోజనం చేసి, నీడపట్టున విశ్రాంతి తీసుకుని నాలుగింటికి వస్తే సరి. కొత్తవాళ్లు బలమంతా పెట్టి ఎంతో దూరం విసురుతారు. చేపేమో చాలాసార్లు పాతిక ముప్ఫై మీటర్లలోపే ఉంటుంది!

ఇంకో మాట. గోస్తని నది సముద్రంలో కలిసేది భీమిలి దగ్గరే. నదీ ముఖద్వారాల్లో చేపలు బాగా దొరుకుతాయి గానీ, అక్కడ నీళ్ల వడి నమ్మరానిది. కుటుంబంతో వెళ్తే ముఖద్వారానికి దూరంగానే నిలబడాలి.

ప్రశాంతంగా కనిపించేదే ప్రమాదం
అసలు తెలుసుకోవాల్సింది ఇదే. వరసగా అలలు నురగలు కక్కుతూ విరిగి పడుతుంటాయి. మధ్యలో ఒకచోట మాత్రం అల విరగదు. నీళ్లు ముదురు రంగులో, నున్నగా, మడుగులా ఉంటాయి. ‘ఇక్కడ అలలు లేవు, పిల్లల్ని ఇక్కడ ఆడిద్దాం’ అనుకుంటారు పెద్దలు. తిన్నెకు గండి ఉన్నది సరిగ్గా అక్కడే. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. బలంగా ఉన్నప్పుడు ఆ ప్రవాహం సెకనుకు 2 మీటర్ల వేగం కూడా అందుకుంటుంది. మోకాలి లోతులో ఉన్నవాళ్లనూ లాగేయగలదు. విశాఖ తీరంలో సెలవు రోజుల్లో వినే విషాదాల్లో చాలావాటి వెనక ఉండేది ఇలాంటి ప్రవాహాలే.

గాలం వేసేవాళ్లకు అదే చోటు బంగారు గని. ప్రవాహం వెంట కొట్టుకొచ్చే మేత కోసం చేపలు దాని అంచుల్లో కాచుకుని ఉంటాయి. కాబట్టి నియమం ఒక్కటే- అల విరగని చోట గాలం దిగాలి, మనిషి దిగకూడదు. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదడం దండగ, అలసిపోతారు. తేలుతూ ఉండి, ఒడ్డుకు సమాంతరంగా ఈది ప్రవాహం నుంచి పక్కకు తప్పుకోవాలి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే దూకకుండా తాడో, మూత బిగించిన ఖాళీ క్యానో విసరాలి, కేకలేసి మత్స్యకారుల్ని పిలవాలి.

డిక్కీలో ఏముండాలి?
పది పన్నెండు అడుగుల గాలపు కర్ర, నైలాన్ దారం చుట్టిన రీలు, ఇసుకలో నిలిచే 100 గ్రాముల సీసపు గుండ్లు, చిన్న గాలాలు. ఎరగా పచ్చిరొయ్యలు, కవళ్ల ముక్కలు చాలు. మూడడుగుల ప్లాస్టిక్ గొట్టాన్ని ఇసుకలో పాతితే కర్రకు స్టాండు సిద్ధం. విసిరేటప్పుడు వెనక ఎవరూ ఉండకూడదు, సీసపు గుండు రాయితో సమానం.

అదృష్టం బాగుంటే గొరకలు, పారలు పడతాయి. జెల్ల పడితే మాత్రం చేత్తో పట్టుకోవద్దు. దాని ముళ్లలో విషం ఉంటుంది. కటింగ్ ప్లేయరుతోనే గాలం తీయాలి. టేకు చేపలు ఇసుకలో దాక్కుంటాయి కనుక నీళ్ల అంచున కాళ్లు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవాలి. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఉంచితే నొప్పి తగ్గుతుంది, ఆ తర్వాత డాక్టరును కలవాలి. కాబట్టి ఫ్లాస్కులో టీతో పాటు మరోదాన్లో వేడినీళ్లు! తాకగానే పొట్ట ఉబ్బించే చేప పడితే వదిలేయండి. వండినా దాని విషం పోదు.

వాళ్ల ఊరు, వాళ్ల ఒడ్డు
మనకు సరదా అయినది అక్కడివాళ్లకు బతుకుతెరువు. వల లాగుతున్న చోట గాలం వేయకూడదు. ‘అన్నా, ఇక్కడ వేసుకోవచ్చా?’ అని అడిగితే ఎక్కడ లోతుందో, ఎక్కడ లాగుడుందో వాళ్లే చెబుతారు. ఏ పుస్తకంలోనూ దొరకని సమాచారం అది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రెండు నెలలూ వాళ్లు ఉపాధి మానుకుని చేపను కాపాడుతుంటే, ఒడ్డున మనం గుడ్ల చేపను సంచీలో వేసుకోవడం భావ్యం కాదు. చిన్నచేపల్ని ఎప్పుడైనా వదిలేయాల్సిందే. తెగిన నైలాన్ దారాన్ని చుట్టి వెంట తెచ్చుకోవాలి. చలికాలం చివర్లో గుడ్లు పెట్టేందుకు ఈ ఒడ్డుకే వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు అది ఉరితాడు. కారునూ రోడ్డు మీదే ఉంచాలి. ఇసుకలోకి దింపితే చక్రాలు కూరుకుపోతాయి, తాబేలు గుడ్లూ నలిగిపోతాయి.

చీకటి పడేలోపు సర్దుకుంటే రాత్రి భోజనానికి శ్రీకాకుళం చేరొచ్చు. చేప పడిందా లేదా అన్నది ఆ రోజు సముద్రం ఇష్టం. కానీ మరోసారి ఏ ఒడ్డుకు వెళ్లినా మీ పిల్లలు నీళ్లలోకి పరుగెత్తేముందు ఓ క్షణం ఆగి ‘నాన్నా, అల విరగని చోటు ఎక్కడుందో చూద్దామా?’ అని అడిగితే చాలు. ఆ పూట ఆగినందుకు అంతకన్నా పెద్ద చేప ఏముంటుంది!