కాళ్ల కింద వేడిగాలి

బయట మైనస్ పదిహేను. లోపల ఇరవై. గోడమీదున్న చిన్న పెట్టెలో 68 అన్న అంకె వెలుగుతోంది. ఫారన్‌హీట్ లెక్కలో అది మన ఇరవై డిగ్రీలే. అయినా అమ్మకు చలి!

తెనాలి నుంచి కూతురి పురుడు కోసం షికాగో శివారుకొచ్చి పది రోజులైంది. ఒంటిమీద రెండు స్వెటర్లు, కాళ్లకు మేజోళ్లు, తలకు మఫ్లరు. రాత్రి పడుకుంటే కిటికీ వైపున్న భుజం జిల్లుమంటుంది. 'కిటికీ సరిగా పడలేదేమో చూడవే' అని కూతుర్ని రెండుసార్లు లేపింది కూడా. కిటికీ పడే ఉంది. తెల్లవారుజామున లేచి తిరుగుతుంటే గదిలో ఒక్కచోట మాత్రం కాలికి వెచ్చగా తగిలింది. కిటికీ కింద, కార్పెట్ అంచున, అడుగు పొడవు నాలుగంగుళాల వెడల్పున్న ఇనప జాలీ. అందులోంచి బుస్సుమంటూ వేడిగాలి. ఇంకేముంది, చాప తెచ్చి దానిమీదే పరిచేసింది. దుప్పటి కప్పుకుని కూర్చుంటే కుంపటి పక్కన కూర్చున్నట్టే ఉంది.

మర్నాడు అదే జాలీ మీద పాపాయి తడిగుడ్డలు. దాని పక్కన తోడుపెట్టిన పాలగిన్నె. ఆ చలిలో పెరుగు తోడుకోవడం ఓ పెద్ద సమస్య మరి! మూడోరోజు పాప తొట్టిని కూడా అక్కడికి జరపబోయింది. అప్పుడు అడ్డుపడ్డాడు అల్లుడు.

'అత్తయ్యా, పాపను మాత్రం అక్కడ పడుకోబెట్టొద్దండీ.'

'అదేంటి బాబూ, చంటిబిడ్డ వెచ్చగా ఉండొద్దూ?'

షికాగో, డెట్రాయిట్, మినియాపొలిస్, టొరంటో... డిసెంబరు నుంచి మార్చి దాకా మనవాళ్ల ఇళ్లలో ఈ మాటలు ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే ఉంటాయి. ఇద్దరూ చెప్పేది బిడ్డ మంచికే. కాకపోతే అమ్మకు తెలిసింది కుంపటి. అల్లుడింట్లో ఉన్నది ఇల్లంతటికీ కలిపి ఒకే పొయ్యి.

ఆ పొయ్యి పేరు ఫర్నేస్. మంచుపడే రాష్ట్రాల్లో ఎక్కువగా ఇంటి అడుగున, బేస్‌మెంట్‌లో ఉంటుంది. చాలా ఇళ్లలో అది సహజవాయువుతో మండుతుంది. మంట ఇనప గొట్టాల లోపల ఉంటుంది, ఇంట్లో గాలి వాటి పైనుంచి పోతూ వేడెక్కుతుంది. కట్టెల పొయ్యి మీద గిన్నె పెడితే పొగ కలవకుండానే నీళ్లు కాగినట్టన్నమాట. పొగ వేరే గొట్టంలోంచి బయటికెళ్తుంది. వేడెక్కిన గాలిని పెద్ద ఫ్యాను రేకు గొట్టాల్లోకి తోస్తుంది. ఒక్కో గొట్టం ఒక్కో గదికి పోయి నేలలో జాలీ దగ్గర తేలుతుంది. చల్లబడిన గాలిని మళ్లీ కిందికి లాక్కోవడానికి వేరే జాలీలుంటాయి. అవి పెద్దవి, చాలాచోట్ల గోడకుంటాయి. ఏది ఏదో తెలియకపోతే టిష్యూ కాగితం పట్టుకుంటే సరి. ఎగిరితే వేడిగాలి వచ్చేది, అతుక్కుంటే గాలిని లాగేది.

అంటే ఇదొక చక్రం. వచ్చే దారి, పోయే దారి రెండూ తెరిచి ఉంటేనే తిరుగుతుంది. చాప పరిచినా, సోఫా జరిపినా, గుడ్డలారేసినా చక్రానికి పుల్ల అడ్డం పెట్టినట్టే.

నేల కింద వేడి నింపే ఆలోచన కొత్తదేమీ కాదు. రోమన్లు స్నానశాలల నేలను చిన్న స్తంభాల మీద నిలబెట్టి, ఆ ఖాళీలోకి కొలిమి వేడిని పంపేవాళ్లు. కొరియావాళ్ల 'ఒండోల్' ఇళ్లలో వంటపొయ్యి పొగే గది నేల కిందుగా పోయి రాతిపలకల్ని వెచ్చబెట్టేది. అమెరికాలో మాత్రం ఈ కథలో ఓ నల్లజాతి మహిళ పేరుంది. ఆలిస్ పార్కర్. ఊరు న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్. గ్యాస్‌తో గాలిని వేడిచేసి గొట్టాల ద్వారా వేర్వేరు గదులకు పంపే ఏర్పాటుకు ఆమె 1919 డిసెంబరులో పేటెంట్ తీసుకున్నారు. ఆడవాళ్లకు ఆ దేశమంతటా ఓటుహక్కు రావడానికి కొన్ని నెలల ముందు!

కిటికీ కిందే ఎందుకు?

వేడిగాలి ఎలాగూ పైకే పోతుంది కదా, దాన్ని గది మధ్యలో పెట్టకుండా చలివేసే కిటికీ కింద పెట్టడమేంటని కొత్తగా వచ్చినవాళ్లకు అనుమానం. కారణం ఉంది. బయటి చలికి అద్దం చల్లబడుతుంది. దానికి తగిలిన గాలి కూడా చల్లబడి, బరువెక్కి జారుతూ నేలమీదికొస్తుంది. మూసిన కిటికీలోంచి గాలి కొడుతోందని అమ్మ అనుకున్నది దీన్నే! అలా జారే చల్లగాలికి కిందినుంచి వేడిగాలి ఎదురెళితే అద్దం ముందు ఓ వెచ్చటి తెర ఏర్పడుతుంది. పాతకాలం ఒంటి అద్దాల కిటికీలకు ఇది చాలా అవసరం. ఇప్పుడు రెండు పొరల అద్దాలొచ్చాక అంత అవసరం లేకపోయినా, జాలీలు మాత్రం అలవాటుగా అక్కడే ఉంటున్నాయి.

అసలు చిక్కు పరదాలతో వస్తుంది. మనవాళ్లకు నేలదాకా జీరాడే పరదాలంటే ఇష్టం. అవి జాలీ మీద పడితే వేడిగాలంతా పరదాకూ అద్దానికీ మధ్య పైకెళ్లిపోతుంది. డబ్బు పెట్టి కాచిన గాలి, వీధిని వెచ్చబెట్టడానికి పనికొస్తుంది. గదిలో ఉన్నవాళ్లకు స్వెటర్లే గతి.

దీనికి విరుగుడు చాలా చిన్నది. డిఫ్లెక్టర్ అంటారు. ఒంపు తిరిగిన ప్లాస్టిక్ మూత. అడుగున అయస్కాంతాలుంటాయి కాబట్టి ఇనప జాలీకి టక్కున అతుక్కుంటుంది. పొడవు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఇంటి సామాన్ల దుకాణంలో సుమారు పది డాలర్లు. పరదా కింద దీన్ని గదివైపు తిప్పి పెడితే గాలి నిటారుగా పైకి పోకుండా నేలవెంబడి కొంతదూరం పాకి, ఆ తర్వాతే లేస్తుంది. కాళ్లు వెచ్చగా ఉంటే ఒళ్లంతా వెచ్చగా ఉన్నట్టే కదా. సోఫా జరపడానికి చోటు లేకపోతే, దాని కిందుగా గాలిని ముందుకు తీసుకొచ్చే పొడవాటి మూతలూ దొరుకుతాయి.

కాకపోతే ఇందులోనూ అతి పనికిరాదు. గాలినంతా కిటికీకి దూరంగా తిప్పేస్తే గడ్డకట్టే రోజుల్లో అద్దం మీద నీటిబొట్లు పేరుకుంటాయి, చట్రానికి బూజు పడుతుంది. అలాంటప్పుడు పగలు కాసేపు మూత తీసేయడమో, పరదా ఎత్తి కట్టడమో మేలు. ఎండాకాలం ఇవే జాలీల్లోంచి ఏసీ చల్లగాలి వస్తుంది. చల్లగాలి నేలనే అంటిపెట్టుకుంటుంది కాబట్టి అప్పుడు గాలిని పైకి పోనివ్వాలి. గాలిని లాక్కునే జాలీకి మాత్రం ఈ మూత ఏ కాలంలోనూ పెట్టకూడదు. కరెంటు తీగలతో వేడెక్కే బేస్‌బోర్డ్ హీటర్ల దగ్గరికీ ప్లాస్టిక్‌ను రానివ్వకూడదు.

ఇంకో ఉపాయానికి పైసా ఖర్చు లేదు. సీలింగ్ ఫ్యాను! చలికాలంలో ఫ్యానేంటని అమ్మ నవ్వొచ్చు. అక్కడి ఫ్యాన్లకు చాలావాటికి వెనక్కి తిప్పే మీట ఉంటుంది. అటు తిప్పి తక్కువ వేగంలో పెడితే, కప్పు దగ్గర చేరిన వేడిగాలి గోడల పక్కనుంచి మెల్లగా కిందికి దిగుతుంది.

వాడని గదుల్లో మూసేస్తే?

మన లెక్క సూటిగా ఉంటుంది. మూడు గదులు ఖాళీగా ఉన్నాయి, వాటి జాలీలు మూసేస్తే ఆ వేడంతా ఉన్న గదికొస్తుంది, బిల్లూ తగ్గుతుంది. జాలీకి మీట కూడా ఉందాయె!

ఒకటో రెండో కాస్త వంచితే ఫర్వాలేదు. పిల్లల గదికి గాలి చాలనప్పుడు హాల్లో జాలీని సగం మూసి సర్దుకోవడం మామూలే. కానీ సగం ఇంటిని మూసేస్తే ఫర్నేస్‌కు ఆ సంగతి తెలియదు. ఎప్పట్లాగే మండుతుంది. గొట్టాల్లో ఒత్తిడి పెరిగి అతుకుల్లోంచి గాలి కారిపోతుంది. వేడిని మోసుకెళ్లే గాలి తగ్గేసరికి మంట చుట్టూ ఉన్న ఇనుము అతిగా కాలుతుంది. రక్షణ స్విచ్చి పడి ఫర్నేస్ ఆగుతుంది, మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆగుతుంది. ఏళ్లతరబడి ఇలాగే సాగితే ఆ ఇనుము పగులు పట్టే ప్రమాదముంది. అప్పుడు పొగలో ఉండాల్సిన విషవాయువు ఇంట్లోకొచ్చే వీలుంటుంది. ఫిల్టరు దుమ్ముపట్టి మూసుకుపోయినా జరిగేది ఇదే. పలుచటి ఫిల్టర్లను ఒకటి నుంచి మూడు నెలలకోసారి మార్చాలి. పోపు ఘాటు, అగరొత్తుల పొగ తగిలే మన ఇళ్లలో ఇంకాస్త ముందే చూసుకోవడం మంచిది.

నిజంగా ఆదా కావాలంటే దారులు వేరే ఉన్నాయి. రోజుకు ఎనిమిది గంటలపాటు థర్మోస్టాట్‌ను ఏడు నుంచి పది ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గిస్తే ఏడాది ఖర్చులో పదిశాతం దాకా మిగులుతుందని అమెరికా ఇంధనశాఖ అంచనా. అయితే అది అందరూ ఆఫీసులకెళ్లే ఇంట్లో కుదిరే మాట. పురిటిబిడ్డ, బాలింత, అమ్మమ్మ ఉన్నచోట ఆ పదిశాతం గురించి ఆలోచించకపోవడమే నయం. బేస్‌మెంట్‌లో గొట్టాల అతుకులు చూసుకోవడం మేలు. మామూలు ఇంట్లో గొట్టాల్లో తిరిగే గాలిలో 20 నుంచి 30 శాతం అతుకుల్లోంచే పోతుందన్నది అక్కడి 'ఎనర్జీ స్టార్' కార్యక్రమం చెప్పే లెక్క. వాటికి రేకు టేపు వేయాలి, లేదా మాస్టిక్ పూయాలి. తమాషా ఏంటంటే, 'డక్ట్ టేపు' అని అమ్మేది డక్టులకే పనికిరాదు! ఆ వేడికి జిగురు ఊడిపోతుందని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల 1998లోనే పరీక్షించి తేల్చింది.

బిడ్డకెంత వెచ్చదనం?

ఇక అత్తా అల్లుళ్ల తగువు దగ్గరికొద్దాం. జాలీలోంచి వచ్చే గాలి గది గాలికన్నా చాలా వేడి. యాభై సెల్సియస్ డిగ్రీల దరిదాపుల్లో ఉండొచ్చు. పెద్దవాళ్లు వేడెక్కితే పక్కకు జరుగుతారు. పసిబిడ్డ జరగలేదు, దుప్పటి తీసేయలేదు. పైగా ఆ పొడిగాలికి ముక్కులెండిపోతాయి. అందుకే తొట్టి జాలీకి దూరంగా ఉండాలి, గాలి దానివైపు తిరిగి ఉండకూడదు.

అమ్మకు ఇంతకన్నా మింగుడుపడనిది ఇంకోటుంది. ఇంట్లో ఉన్నప్పుడు పాపకు ఉన్ని టోపీ పెట్టొద్దని, తొట్టిలో విడి దుప్పట్లు వేయొద్దని డాక్టరు చెప్పడం! అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో ఇచ్చిన సూచనల్లో ఇవున్నాయి. శిశువుల్లో అతివేడికీ నిద్రలో హఠాన్మరణాలకూ సంబంధం ఉందన్నది వాళ్ల ఆందోళన. బదులుగా ఒంటికి తొడిగే సంచిలాంటి నిద్రదుస్తులు వాడమంటారు. తెనాలిలో తలుపు సందుల్లోంచి చలిగాలి వచ్చే ఇంట్లో పిల్లల్ని పెంచిన మనిషికి టోపీ తీసేయమంటే ప్రాణం ఒప్పుకోదు. ఆమె జాగ్రత్త తప్పేం కాదు, ఇల్లు మారిందంతే. అరచేతులు చల్లగా ఉన్నాయని కంగారు పడకుండా పాప మెడ వెనక, ఛాతీ మీద తాకి చూడాలి. అక్కడ వెచ్చగా ఉంటే చాలు. చెమట పడుతుంటే ఓ పొర తీసేయాలి.

సాంబ్రాణి విషయంలో మాత్రం అల్లుడు గట్టిగా నిలబడాల్సిందే. నీళ్లుపోశాక నిప్పుల మీద సాంబ్రాణి వేసి పొగ పట్టడం మనకు తరాల అలవాటు. ఊళ్లో వసారాలో, తలుపులు తీసున్న గదిలో సాగిపోయింది. మంచుకాలపు అమెరికా ఇల్లు మాత్రం బిగించిన డబ్బా. బొగ్గు నిప్పులనుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం... ఊరినుంచి కొత్తగా వచ్చినవాళ్లయితే విమాన ప్రయాణపు బడలిక అనుకుంటారు. అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండానే ఈ వాయువు వల్ల అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. పడగ్గదుల దగ్గర, ప్రతి అంతస్తులో దీన్ని పసిగట్టే అలారం ఉండాలి. అది మోగితే కిటికీలు తెరుస్తూ కూర్చోకూడదు. పిల్లల్నెత్తుకుని బయటికెళ్లి 911కు ఫోన్ చేయాలి. కొత్తరకం ఫర్నేసుల పొగగొట్టం ఇంటి పక్కగోడలోంచి బయటికొస్తుంది. పెద్ద మంచు పడ్డాక అది కూరుకుపోయిందేమో చూసుకోవాలి.

మరి డాలస్, హ్యూస్టన్‌లలో ఉన్నవాళ్ల సంగతి? అక్కడ చాలా ఇళ్లకు బేస్‌మెంట్ ఉండదు, జాలీలు కప్పులో ఉంటాయి. కట్టింది ఎండల్ని తట్టుకోవడానికి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచుతుపాను కుదిపేసినప్పుడు లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. గ్యాస్ ఉన్నా ఫర్నేస్‌లు పనిచేయలేదు. గాలిని తోసే ఫ్యానుకు కరెంటు కావాలి కదా! కొందరు గరాజ్‌లో కారు నడిపి, మరికొందరు బొగ్గుల గ్రిల్ ఇంట్లోకి తెచ్చి వెచ్చదనం కోసం ప్రయత్నించి విషవాయువుకు బలయ్యారు. ఆ తుపానులో మొత్తం 246 మంది చనిపోయారని ఆ రాష్ట్ర ప్రభుత్వమే లెక్కతేల్చింది.

ఇక అద్దె ఇళ్లవాళ్లు చలికి ముడుచుకుని ఊరుకోనక్కర్లేదు. షికాగో నగరంలో, సెప్టెంబరు 15 నుంచి జూన్ 1 దాకా, వేడి బాధ్యత యజమానిదైన ఇళ్లలో పగలు 68, రాత్రి 66 ఫారన్‌హీట్ డిగ్రీలకు తగ్గకుండా చూడాలని నిబంధన ఉంది. న్యూయార్క్‌లోనూ ఇలాంటి చట్టం ఉంది.

షికాగో శివారులో చివరికి రాజీ కుదిరింది. చాప లేచింది, పరదా కిందికి డిఫ్లెక్టర్ వచ్చింది, అమ్మ మంచం కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడకు జరిగింది. పాప తొట్టి తలుపు వైపుకెళ్లింది. పాలగిన్నె మాత్రం జాలీకి రెండడుగుల దూరంలో, ఎవరి కాలికీ తగలని మూలన ఉండిపోయింది. పెరుగు గట్టిగా తోడుకుంటోంది మరి!

ఆ వారంలోనే అమ్మ చెవి దుద్దు జారి జాలీలో పడింది. ఇల్లంతా గగ్గోలు. అల్లుడు వేళ్లు పెట్టి ఎత్తితే జాలీ ఇట్టే పైకొచ్చింది. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే గొట్టం వంపులో దుద్దుతోపాటు మూడు నాణేలు, ఓ రంగు పెన్సిలు ముక్క, అంతకుముందు ఆ ఇంట్లో ఉన్న పిల్లలెవరిదో చిన్న బొమ్మ కారు దొరికాయి. అమ్మ కారును సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, పాప పెద్దయ్యాక ఆడుకుంటుందని అలమరలో దాచింది.