యాడికమ్మా, సైకిలెక్కి?

ఆడదానికి వాకింగ్ చేసే హక్కు షుగరు వస్తేగాని రాదు. నవ్వకండి. తెల్లవారుజామున పామిడిలో పెన్న వైపు నడిచే ఆడవాళ్ళను ఒకసారి లెక్కపెట్టి చూడండి. డాక్టరు చీటీ రాసిచ్చినవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు. ఏ జబ్బూ లేని ముప్ఫయ్యేళ్ళ మనిషి "ఊరికే అలా గాలికి పోయొస్తా" అని గడప దాటిందంటే, ఆ ఇంట్లో రాత్రి ఏదో గొడవ జరిగిందనే లెక్క! జబ్బుకైతే అనుమతి ఉంది, సరదాకు లేదు.

నడకకే ఇంత ఉంటే, ఆ పోయేది సైకిలు మీదైతే? అదీ తారు రోడ్డు వదిలేసి, చేల మధ్య గరుసు దోవన?

ఈ ఊహ నాకెందుకు వచ్చిందంటే, ఇప్పుడు ఇదే పెద్ద వేడుక. బెంగుళూరులో, హైదరాబాదులో ఉద్యోగస్థులైన మగమహారాజులు బోలెడు డబ్బు పోసి 'గ్రావెల్ సైకిళ్ళు' కొంటున్నారు. వెడల్పాటి టైర్లు, వంపు తిరిగిన హ్యాండిలు. ఆదివారం పూట మట్టిదారులు వెతుక్కుని మరీ తొక్కుతారు. ఇంగ్లండులోనైతే దీనికోసం సెలవు పెట్టుకుని బయలుదేరతారు. వించెస్టరు నుంచి ఈస్ట్‌బోర్ను దాకా, సుద్దగుట్టల మీదుగా 160 కిలోమీటర్ల దారి ఒకటుంది, సౌత్ డౌన్స్ వే అని. 1972లో తెరిచారు. అంతకు ముందే, 1968లో, గుర్రపు దారుల మీద సైకిలు కూడా పోవచ్చునని అక్కడ చట్టమే చేశారు. దారికి అటూ ఇటూ పొలం ఎవరిదైనా కానివ్వండి, ఆ దోవన సైకిలు తొక్కేవాళ్ళను ఆపే హక్కు ఆ ఆసామికి లేదు.

ఆ దారి ఫొటోలు చూస్తే మా బండ్ల బాటలే గుర్తొచ్చాయి. అక్కడ పచ్చిక, ఇక్కడ కంపచెట్లు, అంతే తేడా! సరే, ఇంకో తేడా కూడా ఉందనుకోండి. మా జిల్లాకు ఏడాది మొత్తం మీద పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. అదీ రావాల్సినప్పుడు రాదు. కానీ వచ్చిన ఏడు చూడాలి! ఎర్రనేల మీద శెనక్కాయ చేలు పచ్చగా పరుచుకుని, గుండ్రాళ్ళ గుట్టల దాకా పోతాయి. మధ్యలో రెండు చక్రాల గాడి, గాడికి నడుమ గడ్డి. నల్లరేగడి వచ్చిన చోట మాత్రం తడిలో దిగకూడదు, చక్రాన్ని పట్టుకుని వదలదు. పెన్న ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. గట్టున భోగేశ్వరుడి గుడి. పొద్దున ఆరు గంటలకు ఆ గాలి ఎలా ఉంటుందో పొలానికి పోయే మగవాళ్ళకు తెలుసు, కూలికి పోయే ఆడవాళ్ళకు తెలుసు. పొయ్యి దగ్గరుండే మనకే తెలియదు.

అసలు అడ్డం సైకిలు కాదు, "యాడికి?" అన్న ప్రశ్న. మా అనంతపురం వైపు ఎక్కడికి అనడానికి యాడికి అంటారు. గుత్తికీ తాడిపత్రికీ నడుమ యాడికి అనే ఊరు కూడా ఉంది లెండి. అక్కడి ఆడపడుచులది అదృష్టం. "ఏమ్మా, యాడికి పోతాండావు?" అంటే "యాడికే!" అనేసి పోవచ్చు. మిగతావాళ్ళం జవాబు వెతుక్కోవాలి. గుడికి, అంగడికి, పిల్లల బడికి, టైలరు దగ్గరికి. ఏదో ఒక పని చూపించాలి. 1800 నుంచి 1807 దాకా మన్రో దొర కలెక్టరుగా ఈ సీమంతా గుర్రమెక్కి తిరిగాడు. ఆయన్ను యాడికని ఎవరైనా అడిగి ఉంటారా?

మాట వరసకు ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చారు కదా అంటారు. ఇచ్చారు, మంచిదే. 2006లో బీహారులో తొమ్మిదో తరగతి చేరే ఆడపిల్లలకు సైకిలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ తర్వాత మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కగట్టి చూస్తే, హైస్కూలులో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందట! మన రాష్ట్రంలోనూ 2017లో 'బడికొస్తా' అని పంచారు. ఆ పేరు చూడండి. బడికి వస్తానంటేనే సైకిలు! పది పరీక్షలు అయిపోయాక ఆ సైకిలు ఏమైంది? తమ్ముడు తీసుకున్నాడు. లేదా నాన్న పాలక్యాన్లు తగిలించుకున్నాడు. అదీ కాకపోతే మిద్దె మీద తుప్పు పడుతోంది. పదిహేనేళ్ళు నిండిన పిల్ల కాళ్ళల్లో ఉన్నట్టుండి బలం పోయిందా?

"స్కూటీ ఉంది కదమ్మా, ఇంకా సైకిలెందుకు?" అంటారు. ఉంది. ఆ తాళంచెవి ఏనాడైనా పని లేకుండా మన చేతికి వచ్చిందా? పిల్లాణ్ణి ట్యూషన్లో దింపు, మామగారి మందులు పట్టుకురా, అటునుంచటే గ్యాసు సంగతి కనుక్కునిరా. పెట్రోలు లెక్క కూడా చెప్పాలాయె.

ఇక చీర. చైనుకు అంచు చిక్కుకుంటుందని మా తరం దాకా భయపెట్టారు. చైను మీద రేకు తొడుగు దేనికున్నట్టు? తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా కథ తెలిసినవాళ్ళు ఈ మాట అనరు. 1991, 92ల్లో షీలారాణి చుంకత్ అక్కడ కలెక్టరుగా ఉండగా, అక్షరాస్యత ఉద్యమంలో భాగంగానే ఆడవాళ్ళకు సైకిలు నేర్పారు. లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళ మీదే నేర్చుకున్నారు. పైగా ఆ అడ్డకడ్డీయే మేలన్నారట, పిల్లను ముందు కూర్చోబెట్టుకోవచ్చని! క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, అంగన్‌వాడీ వాళ్ళు, టీచర్లు వేలకు వేలు నేర్చుకున్నారు. పాత్రికేయుడు సాయినాథ్ దాన్ని లోకానికి చెప్పాడు. వాళ్ళు కట్టుకున్నదీ చీరలే.

ఇంగ్లండులో ఆడవాళ్ళకు ఇదంతా పళ్ళెంలో పెట్టి ఇచ్చారనుకోకండి. 1893లో టెస్సీ రెనాల్డ్స్ అనే పదహారేళ్ళ పిల్ల బ్రైటన్ నుంచి లండనుకు పోయి, తిరిగి వచ్చింది. సుమారు 190 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటల్లో. పత్రికలు ఆ పిల్ల దమ్మును వదిలేసి, వేసుకున్న నిక్కరు గురించి గగ్గోలు పెట్టాయి. సైకిలు తొక్కితే ఆడదాని ముఖం వంకర పోతుందని, ఆ జబ్బుకు 'సైకిల్ ముఖం' అని పేరు పెట్టిన వైద్యులు కూడా ఆ రోజుల్లో ఉన్నారు. మన ఇళ్ళల్లో ఆ పాత్ర అత్తగారు పోషిస్తారు, అంతే.

ఒక అభ్యంతరం మాత్రం నేను కొట్టిపారేయను. "ఒంటరిగా ఆ కంపల్లో, ఎవడైనా వస్తే?" అని అమ్మ అడుగుతుంది. అది పెత్తనం కాదు, భయం. ఆ భయం ఉత్తదీ కాదు. కానీ అదే దోవన కూలి మనుషులు చీకటితో లేచి పోతున్నారు, నెత్తిన గంపతో చీకటి పడ్డాక వస్తున్నారు. వాళ్ళ విషయంలో మనకా భయం ఎందుకు కలగలేదు? పనికి పోయే ఆడదానికి ఏమీ కాదనా, అయినా ఫర్వాలేదనా? నలుగురం కలిసి ఆ దోవన రోజూ కనబడితే ఆ కూలి మనిషికీ తోడే. భయమున్న చోటికి ఎవరూ పోకుండా ఉంటే అది ఎన్నటికీ అలాగే ఉంటుంది.

"కూలి చేసుకునేవాళ్ళు నడిచి చస్తుంటే మీకు షికార్లా" అని ఇంకొకరు దెప్పుతారు. ఈ దెప్పుడు ఆదివారం తొక్కే మగవాళ్ళను ఎవరూ దెప్పరు. వాళ్ళది ఫిట్‌నెస్సు. మనది తిరుగుడు. పుదుక్కోట్టైలో రాళ్ళు కొట్టే మనిషికీ సాయంత్రం సైకిలెక్కి గాలి ముఖానికి కొడితే హాయిగానే ఉండి ఉంటుంది. ఆ హాయి మనకు ఎక్కువని, ఆమెకు అనవసరమని నిర్ణయించింది ఎవరు?

కనుక మిద్దె మీది ఆ సైకిలు కిందికి దించండి. లక్షల సైకిలు అక్కర్లేదు. రెండు కొత్త టైర్లు, రెండు ట్యూబులు, బ్రేకు కట్టలు వేయిస్తే మా గరుసు దోవకు చాలు. ఎండాకాలమైతే ఎనిమిది లోపల ఇంటికి చేరాలి. నీళ్ళు రెండు సీసాలు పెట్టుకోండి, దోవలో నీడ వెతికితే దొరకదు. అన్నిటికంటే ముఖ్యం కంపముల్లు. చెప్పు అట్టను దాటుకుని వచ్చేది, టైరు ఓ లెక్కా? అందుకని పంక్చరు వేసుకోవడం నేర్చుకోండి. ట్యూబు ముక్క, సొల్యూషను, గరుకు కాగితం, చిన్న గాలిపంపు. సంచిలో పడతాయి. చక్రం విప్పుకుని దోవ పక్కన కూర్చుంటే ఎవరో ఒకాయన తప్పకుండా ఆగి, "ఉండమ్మా, నేనేస్తా" అంటాడు. వద్దనండి. పంపు మాత్రం కాస్త పట్టుకోమనండి.