తెగితే గాలం దగ్గరే తెగాలి

కరీంనగర్‌లో లోయర్ మానేరు కట్ట మీద, అటు మంచిర్యాల దిక్కు ఎల్లంపల్లి నీళ్ల ఒడ్డున, ఈమధ్య రీలూ కర్రా పట్టుకున్న పిల్లలు బాగా కనబడుతున్నారు. చూస్తే సంతోషమే. కానీ వాళ్ల రీళ్ల మీద ఉన్నది మా కాలపు నైలాన్ దారం కాదు, బ్రెయిడ్. దానికే నేరుగా గాలపు ముల్లు కట్టి వాలుగ కోసం విసురుతున్నారు. ఇది మానాలని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. బ్రెయిడ్ చివర, ముల్లుకు ముందు, ఒక బారెడు ఫ్లోరోకార్బన్ దారం ఉండాలి, దాన్నే లీడరు అంటారు. నడుమ ఏ ఇనుప సామానూ లేకుండా, దారానికి దారాన్నే ముడేయాలి. ఆ లీడరు బలం బ్రెయిడ్ బలం కన్నా తక్కువ ఉండాలి.

బ్రెయిడ్ మంచిది కాదని నేననను. అది పాలిథిలీన్ పోగుల అల్లిక, నాలుగు పోగులదో ఎనిమిది పోగులదో. అదే మందం నైలాన్ కన్నా ఎన్నో రెట్లు బలం. సాగదు కాబట్టి చేప ముట్టిన సంగతి క్షణంలో చేతికి తెలుస్తుంది. అయితే రాయికి ఒరుసుకుంటే పోగులు ఒక్కొక్కటే విడిపోతాయి. వాలుగ నోరు చూసినవాళ్లకు మిగతాది చెప్పనక్కర్లేదు. నోటి చీలిక కన్ను దాటి పోతుంది, రెండు దవడల మీదా సన్నని పళ్లు ఆకురాయిలాగా పరుచుకుని ఉంటాయి. చేప తల విదిలించినకొద్దీ దారం వాటి మీద అరుగుతుంది. ఫ్లోరోకార్బన్ ఒకటే గట్టి పోగు, నైలాన్ కన్నా బరువు, నీళ్లు పీల్చదు, అంత తొందరగా అరగదు.

అది నీళ్లలో కనబడదని దుకాణాల్లో ఊరిస్తారు. అందులో కొంత నిజముంది. కాంతి వక్రీభవన గుణకం నీటికి ఎంత దగ్గరైతే దారం అంత తక్కువ కనబడుతుంది; అది నీటికి 1.33 అయితే ఫ్లోరోకార్బన్‌కు 1.42, నైలాన్‌కు 1.5 దాటుతుంది. కానీ వానాకాలం మానేరు ఎర్రనీళ్లలో ఏ దారమైనా ఒకటే. చలికాలం గోదావరి తేటపడ్డప్పుడు ఈ గుణం పనికొస్తుందేమో. నేను లీడరు కట్టేది మాత్రం అరుగుడు కోసం, అంతకన్నా ఎక్కువగా తెగే చోటు కోసం.

లీడరు ఎంత లావు ఉండాలన్నది చేప పళ్లను బట్టి ఉంటుంది. అమెరికాలో మస్కీ అనే పెద్ద వేటచేప ఉంది. 2016లో మన కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప అయినట్టే, 1955లో అది విస్కాన్సిన్ రాష్ట్ర చేప అయింది. పదివేల సార్లు విసిరితే ఒకసారి పడుతుందని అక్కడివాళ్లు అంటారు. దానివి కోసే పళ్లు, అందుకే 80 నుంచి 130 పౌండ్ల ఫ్లోరోకార్బనో స్టీలు తీగో కడతారు. మస్కీ వేటగాళ్లలో నడుమ స్వివెల్ అనే తిరిగే ఇనుప కొలికి పెట్టేవాళ్లున్నారు, లీడరును నేరుగా బ్రెయిడ్‌కు ముడేసేవాళ్లూ ఉన్నారు. మన వాలుగ పళ్లు అరగదీస్తాయి గానీ కత్తిరించవు. కాబట్టి మనకు తీగ అక్కర్లేదు, అంత లావు లీడరూ అక్కర్లేదు. 50 పౌండ్ల బ్రెయిడ్‌కు 30 పౌండ్ల లీడరు చాలు.

ఇక అసలు సంగతి. మన జలాశయాల అడుగు చదునైన నేల కాదు. మిడ్ మానేరు కింద కొదురుపాక, నీలోజిపల్లి లాంటి ఊళ్లు మునిగాయి. ఇంటి గోడలు, బావుల గడ్డలు, చెట్ల మోడులు అక్కడే ఉన్నాయి. ముల్లు వాటికి తగులుకుంటే లాగక తప్పదు. అప్పుడు ముల్లు నేరుగా బ్రెయిడ్‌కే కట్టి ఉంటే, అది ఎక్కడ ఒరుసుకుని బలహీనపడిందో అక్కడ తెగుతుంది. ఆ చోటు ముల్లుకు చాలా దూరంలో ఉండొచ్చు. మిగిలిందంతా నీళ్ల పాలు. అది కుళ్లదు. ముల్లు మింగిన వాలుగ ఆ దారాన్ని తోకలా ఈడ్చుకుంటూ పోయి ఏదో మోడుకు చుట్టుకుంటే, ఇక అక్కడే చావాలి. ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ముప్పున్న జాతిగా చేరిన చేప అది. దాన్ని తిననూ తినక, వదలనూ వదలక, ఇట్లా చంపే హక్కు మనకు లేదు.

ఆ దారం చేపతోనే ఆగదు. నీటికాకి కాళ్లకు చుట్టుకుంటుంది, నీటికుక్క మెడకు పడుతుంది. మత్స్య సహకార సంఘాల వాళ్ల వలల్లో చిక్కుకుంటుంది. “సారూ, మీ పోరగాళ్ల దారం నా వలల సుట్టుకుంటే ఇడిపిచ్చేటాల్లకు పొద్దుమూకుతది” అని మానేరు మీద ఒకాయన నాతో అన్నాడు. మనకు సరదా అయినది ఆయనకు బువ్వ. ఆయన కోపం న్యాయమే.

ముడి విషయానికొస్తే, బ్రెయిడ్ నున్నగా ఉంటుంది కాబట్టి మామూలు ముడి జారుతుంది. ఎఫ్‌జీ ముడి నేర్చుకోండి. లీడరును బిగువుగా పట్టి, బ్రెయిడ్‌ను దాని మీద ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి ఇరవై చుట్ల దాకా అల్లి, తడిపి గట్టిగా లాగితే, బ్రెయిడ్ లీడరును కరిచి పట్టుకుంటుంది. పైన కొన్ని సగం ముళ్లు వేసి కొస కత్తిరించాలి. ముడి సన్నగా ఉండి కర్ర రింగుల్లోంచి సాఫీగా పోతుంది. స్వివెల్ పెడితే అది కొన రింగు దగ్గరే ఆగిపోతుంది. గిరగిర తిరిగే స్పూను ఎర వాడేవాళ్లకు మాత్రం స్వివెల్ కావాలి. దాన్ని ఎర దగ్గర పెట్టుకుంటే సరి. ఈ ముడి గాలిలో, పడవ మీద వేయడం కష్టమన్నది నిజమే. అందుకే ముందురోజు రాత్రి ఇంట్లో కూర్చుని వేసుకోవాలి. ముల్లు దగ్గర తెగితే లీడరు చాలావరకు మిగిలే ఉంటుంది, మళ్లీ ముల్లు కట్టుకుంటే చాలు.

ఫ్లోరోకార్బన్ కూడా కుళ్లేది కాదు, ఎండకూ చెడదు. పొట్టిగా ఉండాలనడం అందుకే. కొసముక్కలు జేబులో వేసుకుని ఇంటికి తేవాలి. అగ్గిపుల్లతో కాల్చడం అసలే వద్దు, కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది.

దుకాణాల వాళ్లకు ఒక మాట. బ్రెయిడ్ అమ్మేటప్పుడు పక్కన లీడరు చుట్ట పెట్టి, ముడి వేసి చూపించి అమ్మండి. అమెరికాలో చాలా రేవుల దగ్గర పాత దారం వేయడానికి పీవీసీ గొట్టాలు నిలబెట్టి ఉంటాయి. లోయర్ మానేరు కట్ట మీద అట్లాంటివి రెండు మూడు పెట్టడానికి నీటిపారుదల శాఖకో, మున్సిపల్ కార్పొరేషన్‌కో పెద్ద ఖర్చేమీ కాదు. మూత ఒకటి, మీద తెలుగులో ఒక బోర్డు, నెలకోసారి ఖాళీ చేసే మనిషి ఒకరు ఉంటే చాలు.